రిటైర్మెంట్ పైసలు ఎక్కడ పెట్టాలి? మిత్తి, కిరాయి, ప్లాటు, సోలార్: ఓరుగల్లు ఇళ్ల లెక్కలో ఒక పోలిక

భూపాలపల్లి గనిలో రిటైరైనా, హన్మకొండ బడిలో దిగిపోయినా, కాజీపేట రైల్వేలో దిగిపోయినా అంతే. గ్రాట్యుటీ, పీఎఫ్ పైసలు ఖాతాలో పడిన వారంలోపే సలహాలు మొదలవుతాయి. కొడుకు పైన ఇంకో అంతస్తు వేద్దామంటాడు. బావమరిది మామునూరు దిక్కు ప్లాటు చూసివచ్చానంటాడు. బ్యాంకులో తెలిసినాయన బీమా పాలసీ కాగితం ముందు పెడతాడు. ఇంకెవరో నూటికి రెండు రూపాయల మిత్తికి ఇప్పిస్తానంటారు. ఎవరి మాట విన్నా ఎంత వస్తుందన్న ఒక్క లెక్కే వినిపిస్తుంది. అరవై దాటిన ఇంటికి ఇంకొన్ని లెక్కలు కావాలి.

పన్ను పోగా నెలకు చేతిలో మిగిలేదెంత? పదేళ్ల తర్వాత కూడా ఆ పైసలకు అదే బియ్యం, అవే మందులు వస్తాయా? రేపు ఎంజీఎంలోనో ప్రైవేటు దవాఖానలోనో చేరాల్సివస్తే ఎన్ని రోజుల్లో డబ్బు తీయగలం, ఎంత నష్టానికి? మనం పోయాక భార్యకో భర్తకో అది ఎవరి సంతకం కోసం తిరగకుండా అందుతుందా? కింది పోలిక అంతా ఈ నాలుగు ప్రశ్నల మీదే నడుస్తుంది. పన్నులు, మిత్తి రేట్లు 2025-26 ఆర్థిక సంవత్సరానివి. చిన్న మొత్తాల పొదుపు రేట్లను కేంద్రం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది కాబట్టి ఖాతా తెరిచే రోజు పోస్టాఫీసులో ఒకసారి అడగండి.

## ముందు మీ పింఛన్ ఎలాంటిదో చూసుకోండి

ఒకే 30 లక్షలు ఇద్దరి చేతిలో ఉన్నా ఇద్దరికీ ఒకే సలహా పనికిరాదు. తేడా అంతా పింఛన్‌లో ఉంది.

2004 సెప్టెంబరు 1కి ముందు చేరిన రాష్ట్ర ఉద్యోగికి పాత పింఛన్ ఉంటుంది, దాని మీద కరువు భత్యం పెరుగుతూ పోతుంది. రైల్వేలో 2004 జనవరి 1కి ముందు చేరినవాళ్లకూ అంతే. అంటే ధరలు పెరిగితే పింఛన్ ఎంతో కొంత పెరుగుతుంది. తర్వాత చేరి సీపీఎస్‌లో (జీతంలోంచి వాటా కోసి జమచేసే కొత్త పింఛన్ పద్ధతి) ఉన్న ఉద్యోగి, జమైన మొత్తంలో కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనాలి, అంటే ఆ పైసలు బీమా కంపెనీకి ఇచ్చి నెలనెలా పింఛన్ తీసుకోవాలి. మామూలుగా తీసుకునే యాన్యుటీలో మొదటి నెల ఎంత వచ్చిందో చివరిదాకా అంతే.

సింగరేణి కార్మికుడిది ఇంకా గడ్డు పరిస్థితి. 1998 నాటి బొగ్గు గనుల పింఛన్ పథకంలో పింఛన్‌కు కరువు భత్యంతో సంబంధం లేదు. దిగిపోయిన నాడు ఖరారైన అంకె దాదాపు అట్లాగే ఉండిపోతుంది. పింఛన్ సవరించమని యూనియన్లు ఏళ్లుగా అడుగుతున్నాయి, అడగడంలో న్యాయం ఉంది. రాష్ట్రానికి కరెంటు ఇచ్చే బొగ్గు తవ్విన మనిషి ఇరవై ఏళ్ల కిందటి పింఛన్‌తో ఇవాళ్టి మందులు కొంటున్నాడు. ప్రైవేటు ఉద్యోగుల పింఛన్ పథకం ఈపీఎస్-95 కూడా ఇలాంటిదే, అందులో కనీస పింఛన్ నెలకు 1,000 రూపాయలే.

కాబట్టి ఇలా అనుకోవచ్చు. పెరిగే పింఛన్ ఉన్నవాళ్లు కొంత డబ్బును జాగలోనో ఇంట్లోనో ఇరికించినా తట్టుకుంటారు. పెరగని పింఛన్ ఉన్నవాళ్లు చేతికి అందే డబ్బును, ఏటా కాస్త పెరిగే ఆదాయాన్ని ముందు చూసుకోవాలి. ధరలు ఏటా 5 శాతం పెరిగితే ఇవాళ 30,000తో గడిచే నెలకు పదేళ్ల తర్వాత దాదాపు 49,000 కావాలి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| ఎక్కడ | 10 లక్షలకు నెల సగటు | మధ్యలో తీస్తే | పెరుగుదల |
|---|---|---|---|
| సీనియర్ సిటిజన్ పొదుపు పథకం, 8.2% | 6,833 (మూడు నెలలకు 20,500) | ఏడాది తర్వాత 1.5%, రెండేళ్ల తర్వాత 1% కోత | లేదు |
| పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకం, 7.4% | 6,167 | ఏడాది తర్వాత 2%, మూడేళ్ల తర్వాత 1% కోత | లేదు |
| బ్యాంకు ఎఫ్‌డీ, 6.75% అనుకుంటే | 5,625 | సాధారణంగా మిత్తిలో కొంత కోత, అదే రోజు డబ్బు | లేదు |
| ఆర్‌బీఐ ఫ్లోటింగ్ రేటు బాండ్లు, 8.05% | 6,708 (ఆరు నెలలకు 40,250) | 60-70 ఏళ్లవాళ్లకు ఆరేళ్ల దాకా కుదరదు | రేటు మారుతుంది |
| సొంతింటిపై అంతస్తు | సుమారు 4,900, ఖర్చులకు ముందు | తీయలేం | కిరాయి పెరుగుతుంది |
| కొన్న ఫ్లాటు | సుమారు 2,200, ఖర్చులకు ముందు | అమ్మాలి, నెలలు పట్టొచ్చు | కిరాయి, విలువ రెండూ |
| ఖాళీ ప్లాటు | సున్నా | అమ్మాలి | విలువ మాత్రమే, అదీ జాగను బట్టి |

కిరాయి వరుసల్లోని అంకెలు ఎలా వచ్చాయో కింద ఉంది. మీ కాలనీలో కిరాయి వేరుగా ఉంటే అదే పద్ధతిలో మీ అంకెలు వేసుకోండి.

## సీనియర్ సిటిజన్ పొదుపు పథకం

చాలా ఇళ్లకు మొదటి వరుసలో ఉండాల్సింది ఇదే. ఒకరికి గరిష్ఠంగా 30 లక్షలు, గడువు ఐదేళ్లు, ఆ తర్వాత మూడేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. 30 లక్షలకు మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. ఖాతా తెరిచిన రోజున్న రేటు ఐదేళ్లూ మారదు. 2025లో ఆర్‌బీఐ రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద మిత్తి) 6.5 నుంచి 5.25 శాతానికి దించడంతో బ్యాంకు డిపాజిట్ల రేట్లు తగ్గాయి. అందుకే ఇప్పుడు ఈ 8.2కు విలువ పెరిగింది.

అరవై నిండనివాళ్లకూ దారి ఉంది. 55 దాటి రిటైరైనవాళ్లు, ఉదాహరణకు సింగరేణిలో మెడికల్ ఇన్‌వాలిడేషన్ (ఆరోగ్యం బాగాలేక పనికి పనికిరారని తేల్చడం) మీద దిగిపోయినవాళ్లు, బెనిఫిట్లు అందిన మూడు నెలల్లోపు ఆ మొత్తానికి మించకుండా పెట్టవచ్చు. ఆ మూడు నెలలు దాటితే అరవై నిండేదాకా ఆగాల్సిందే. ఎన్నో కుటుంబాలు ఇక్కడే జారిపోతాయి.

30 లక్షలూ ఒకే ఖాతాలో వేయకండి. ఇందులో కొంత భాగం మాత్రమే తీసుకునే వీలు లేదు, తాకట్టు పెట్టి లోను తెచ్చుకునే వీలూ లేదు. గుండె ఆపరేషన్‌కు నాలుగు లక్షలు కావాల్సివస్తే 30 లక్షల ఖాతా మొత్తం మూసేయాలి, రెండో ఏట అయితే కోత 45,000. అదే 10 లక్షల చొప్పున మూడు ఖాతాలుంటే ఒక్కటే మూస్తారు, కోత 15,000తో పోతుంది. ఏడాదిలోపు మూస్తే అప్పటిదాకా ఇచ్చిన మిత్తిని కూడా అసలులోంచి వెనక్కి తీసుకుంటారు. ఒక ఖాతాలో ఒక్కసారే జమ చేయగలం. బెనిఫిట్లు విడతలుగా వస్తుంటే ప్రతి విడతకూ కొత్త ఖాతా తెరవాలి, లక్ష దాటితే చెక్కే ఇవ్వాలి.

ఖాతాను భార్యాభర్తల పేర జాయింటుగా తెరిస్తే ఒకరు పోయాక రెండోవారు అర్హత, పరిమితుల మేరకు గడువుదాకా కొనసాగించవచ్చు. ఇద్దరికీ అరవై దాటితే ఎవరి 30 లక్షలు వారివే.

## పోస్టాఫీసు నెలసరి పథకం, ఎఫ్‌డీ, బాండ్లు

30 లక్షల పరిమితి దాటాక మిగిలిన డబ్బుకు నెలసరి ఆదాయ పథకం చూడండి. ఒక్కరి పేర 9 లక్షలకు నెలకు 5,550, జాయింటుగా 15 లక్షలకు 9,250. నెలనెలా రావడమే దీని సుఖం.

ఎఫ్‌డీని ఆదాయం కోసం కాక ఆపద కోసం ఉంచుకోవాలి. ఆరు నెలల ఇంటి ఖర్చు, దవాఖాన కోసం రెండు మూడు లక్షలు ఇందులో ఉంటే చాలు. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలు, మిత్తి కలిపి 5 లక్షల దాకానే. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు (ఏపీజీవీబీ) తెలంగాణ శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. రెండు చోట్లా విడివిడిగా డిపాజిట్లున్నవాళ్లకు ఇప్పుడవి ఒకే బ్యాంకు కింద లెక్క, బీమా పరిమితి కూడా ఒక్కటే. చిన్న సహకార సంఘాల్లో పెట్టేముందు అక్కడ ఈ బీమా అసలు ఉందా అని అడగాలి. బ్యాంకు కాని సొసైటీలకు అది ఉండదు.

బాండ్లు ఏడేళ్లవి, పరిమితి లేదు, కానీ డబ్బు గట్టిగా ఇరుక్కుంటుంది. పాత పింఛన్ ఉండి, చేతిలో ఇంకా మిగిలినవాళ్లకే.

నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకులో అంతకన్నా చౌకగా లోను దొరికే మనిషి మీ దగ్గరికి రాడు. రాశారంటే ప్రామిసరీ నోటుకు మూడేళ్ల కాలపరిమితి, ఆ తర్వాత కోర్టుకు పోయే దారి మూసుకుపోతుంది. రిటైర్మెంట్ పైసలకు ఇది తగదు. చిట్టీ కూడా ఆదాయ మార్గం కాదు, అవసరానికి పాడుకునేవాళ్ల కోసం ఉన్న ఏర్పాటు. చిట్టీ పైసలు చేతికి రాక ఏళ్లుగా తిరుగుతున్న కుటుంబాలు మన ఊళ్లో ఉన్నాయి.

## పన్ను: కొత్త విధానమా, పాతదా

ఎక్కువమంది పింఛన్‌దార్లకు ఇప్పుడు ఈ చర్చ తేలిపోయింది. కొత్త విధానంలో ఆదాయం 12 లక్షల దాకా రిబేటుతో పన్ను సున్నా అవుతుంది. పింఛన్ ఉన్నవాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ అదనం.

ఒక లెక్క చూడండి. నెలకు 50,000 పింఛన్, 30 లక్షల పొదుపు పథకం మీద ఏటా 2,46,000 మిత్తి. మొత్తం 8,46,000. కొత్త విధానంలో పన్ను లేదు. పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, మిత్తి మీద 80టీటీబీ సెక్షన్ మినహాయింపు 50,000, పొదుపుల మీద 80సీ సెక్షన్ కింద లక్షన్నర, ఆరోగ్య బీమాకు 50,000 అన్నీ చూపించినా 5,46,000 మిగిలి, సెస్సుతో కలిపి 19,968 కట్టాలి. పైగా 80సీ కోసం లక్షన్నరను మళ్లీ ఇరికించాలి. ఇలాంటి ఆదాయం ఉన్నవాళ్లు పన్ను తగ్గుతుందని కొత్త పాలసీలు కొనాల్సిన పనేలేదు.

ఇక్కడ మూడు చోట్ల దెబ్బ తగులుతుంది. పన్ను సున్నా అయినా మిత్తి ఏడాదికి లక్ష దాటితే 10 శాతం టీడీఎస్ (డబ్బు చేతికివ్వక ముందే పట్టుకునే పన్ను) కోస్తారు. పై లెక్కలో అది 24,600. ఏప్రిల్‌లోనే, నాకు పన్ను పడదని రాసిచ్చే 15హెచ్ పత్రం ఇస్తే కోయరు, ఇవ్వకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాలి. రెండోది, పన్ను తప్పుతుందని మీ పైసలను భార్య పేర డిపాజిట్ చేస్తే ఆ మిత్తిని మీ ఆదాయంలోనే కలుపుతారు. మూడోది, ప్లాటో ఇల్లో అమ్మిన లాభం మీద పన్నుకు ఈ 12 లక్షల రిబేటు వర్తించదు. రెండేళ్లు దాటిన ఆస్తికి 12.5 శాతం. 2024 జూలై 23కి ముందు కొన్నదైతే, ధరల సూచీ సర్దుబాటుతో 20 శాతం కట్టే దారి కూడా ఉంది, ఏది తక్కువైతే అది.

## ఇల్లు కొనడమా, పైన అంతస్తు వేయడమా

ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. లెక్కలో ఎంతో తేడా ఉంది.

హన్మకొండలో 50 లక్షలకు ఫ్లాటు కొన్నారనుకుందాం. రిజిస్ట్రేషన్‌కు మొత్తం 7.5 శాతం, అంటే 3,75,000. ధర 50 లక్షలకు తగ్గకపోతే కొనేవాళ్లే 1 శాతం టీడీఎస్ మినహాయించి కట్టాలి, మరిచిపోతే నోటీసు మీకే వస్తుంది. నెలకు 12,000 కిరాయి వస్తే ఏడాదికి 1,44,000. పెట్టిన 53,75,000 మీద ఇది 2.7 శాతం కన్నా తక్కువ. ఏడాదిలో ఒక నెల ఖాళీ, ఆస్తి పన్ను, రంగులు, మోటారు రిపేరు తీసేస్తే ఇంకా కిందికి దిగుతుంది. కిరాయి ఆదాయంలో ఆస్తి పన్ను పోగా 30 శాతం మినహాయింపు రెండు విధానాల్లోనూ ఉంది, అదొక్కటే ఊరట.

సొంతింటి మీద 900 చదరపు అడుగుల అంతస్తు వేస్తే వేరే లెక్క. అడుగుకు 1,800 అనుకుంటే 16,20,000 అవుతుంది. జాగ ఖర్చు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. నెలకు 8,000 కిరాయి వచ్చినా 5.9 శాతం. పొదుపు పథకం కన్నా తక్కువే, కానీ కిరాయి రెండేళ్లకోసారి పెరుగుతుంది. పెరగని పింఛన్ ఉన్న సింగరేణి కుటుంబానికి ఇందుకే ఇది ఫ్లాటు కన్నా నయం. కేయూ క్రాస్, నయీంనగర్, భీమారం దిక్కు చదువుకునే పిల్లలకు రూములు అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి ఒక పెద్ద పోర్షన్ బదులు రెండు చిన్నవి వేస్తే ఒకటి ఖాళీ అయినా రెండోది నడుస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఇంజినీరుతో పిల్లర్లు, పునాది చూపించండి. పాత కాలనీల్లో చాలా ఇళ్లు పిల్లర్లు లేకుండా గోడల మీద లేచినవే. పైన స్లాబు పడ్డాక కింది గోడలకు బీటలు వస్తే కిరాయి పైసలన్నీ రిపేరుకే పోతాయి. అనుమతి లేకుండా వేసిన అంతస్తుకు మున్సిపాలిటీ జరిమానా పన్ను వేస్తుంది, బ్యాంకు లోనూ పుట్టదు.

జాగ విషయంలో నీళ్లను చూడండి. 2020 ఆగస్టు, 2023 జూలై, 2025 అక్టోబరు వానలకు ఓరుగల్లు, హన్మకొండ కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. హంటర్ రోడ్డు, నయీంనగర్ నాలా చుట్టుపక్కల కొనేవాళ్లు బ్రోకర్‌ను కాక పక్కింటివాళ్లను అడగాలి: గోడ మీద నీళ్లు ఎంత ఎత్తుదాకా వచ్చాయని. చాలా ఇళ్ల గోడల మీద ఆ గీత ఇంకా కనిపిస్తుంది. గ్రౌండ్ ఫ్లోర్ కిరాయి ఆ గీతను బట్టే ఉంటుంది.

ప్లాటు గురించి తక్కువలో చెప్పొచ్చు. మామునూరు ఎయిర్‌పోర్టు, గీసుకొండ-సంగెం టెక్స్‌టైల్ పార్కు పేర్లు చెప్పి అమ్మే ప్రతి వెంచర్‌కూ కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుట్ అనుమతి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, జాగ మీద అమ్మకాలు, తాకట్లు చూపే పాతికేళ్ల ఈసీ, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు చూడండి. గుంటల లెక్కన అమ్మే ఫాం ప్లాట్లకు నాలా మార్పిడి (సాగు భూమిని సాగేతర భూమిగా మార్చడం) ఉండదు, లేఅవుట్ ఉండదు, ఇల్లు కట్టుకోవడానికి అనుమతి దొరకదు. ప్లాటు నెలకు ఒక్క రూపాయి ఇవ్వదు. అరవై రెండేళ్ల మనిషికి పదిహేనేళ్ల తర్వాతి ధర కన్నా వచ్చే నెల మందుల ఖర్చు ముందుంటుంది.

## డాబా మీద సోలార్

దీన్ని పెట్టుబడిగా ఎవరూ లెక్కపెట్టరు. పెట్టాలి. ఆదా అయిన కరెంటు బిల్లు ఆదాయం కిందికి రాదు, దాని మీద పన్ను పడదు. కానీ అందరికీ కాదు.

మన దగ్గర నెలకు 100 దాటి 200 యూనిట్ల దాకా వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లు 3.40, తర్వాతివి 4.80. సరిగ్గా 200 వాడితే కరెంటు చార్జీ 820. ఒక్క యూనిట్ పెరిగి 201 అయితే శ్లాబు మారి మొదటి 200 యూనిట్లకూ 5.10 పడుతుంది, మొత్తం 1,027 దాటుతుంది. ఆ పైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు. 400 యూనిట్లు వాడే ఇంటికి 2,690.

మూడు కిలోవాట్ల సోలార్ నెలకు సగటున 360 యూనిట్లు ఇస్తుంది. అప్పుడు 400 యూనిట్ల ఇంటికి 40 యూనిట్లకే బిల్లు వస్తుంది, యూనిట్ 1.95 చొప్పున 78 రూపాయలు, స్థిర చార్జీలు అదనం. కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000, మొత్తం 78,000 సబ్సిడీ. సబ్సిడీ పోగా లక్షా ఇరవై వేలు మీ చేతి నుంచి పడితే, ఏడాది పొడుగునా 400 వాడే ఇంటికి నాలుగేళ్లలోపే తిరిగి వస్తుంది. ఎండాకాలం ఏసీతో 450, చలికాలం 200 వాడే ఇంటికి ఐదారేళ్లు అనుకోండి.

గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తున్న ఇంటికి సోలార్‌తో మిగిలేది ఏమీ లేదు, పెట్టకండి. 200 లోపు వాడే చిన్న కుటుంబానికీ నెలకు ఎనిమిది వందలకు మించి మిగలదు, తొందరపడాల్సిన పనిలేదు. 300 దాటేవాళ్లకే ఇది గట్టి బేరం.

పెట్టేవాళ్లు చూసుకోవాల్సినవి: కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని జాగ, దక్షిణం దిక్కు ముఖం, మన అక్షాంశానికి దాదాపు 18 డిగ్రీల వాలు. నీళ్ల ట్యాంకు నీడ ఒక మూల పడినా ఆ వరుస అంతటి ఉత్పత్తి పడిపోతుంది. సబ్సిడీకి దేశంలో తయారైన సెల్స్ ఉన్న ప్యానళ్లే పెట్టాలి. కనెక్షన్ మీ పేర ఉండాలి, తండ్రి పేర ఉంటే ముందు కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్‌లో మార్పించుకోండి. కోతులు తిరిగే కాలనీల్లో వైర్లను పైపులోంచి తీయించాలి. బ్యాటరీ లేని సోలార్ కరెంటు పోయినప్పుడు పనిచేయదు, లైన్‌మన్ భద్రత కోసం అదే ఆగిపోతుంది. కిరాయిదార్లకు వేరే మీటర్లుంటే మీ ప్యానళ్లు వాళ్ల బిల్లు తగ్గించవు. పైన అంతస్తు వేసే ఆలోచన రెండేళ్లలో ఉంటే అంతస్తు ముందు, సోలార్ తర్వాత. విప్పి మళ్లీ బిగించే ఖర్చు ఊరికే పోతుంది.

## ఎవరికి ఏ వరుస

పాత పింఛన్ ఉన్న టీచరు, రైల్వే ఉద్యోగి: ఆపద డబ్బు ఎఫ్‌డీలో, తర్వాత పొదుపు పథకం. బిల్లు 300 దాటితే సోలార్. ఇవన్నీ అయ్యాక మిగిలితేనే ఇల్లు, అదీ పిల్లలు ఇక్కడే ఉంటారనుకుంటేనే.

సింగరేణి, ఈపీఎస్, సీపీఎస్ కుటుంబాలు: పొదుపు పథకం 10 లక్షల ఖాతాలుగా. వచ్చిన మిత్తి అంతా ఖర్చు చేయకుండా నాలుగో వంతు, అంటే 30 లక్షల మీద నెలకు 5,000 చొప్పున ఆర్‌డీలో (నెలనెలా కట్టే డిపాజిట్) వేసుకుంటూ పోవాలి. పెరగని పింఛన్‌కు మీరే కట్టుకునే కరువు భత్యం అది. తర్వాత సొంతింటి మీద చిన్న పోర్షన్. ఫ్లాటు, ప్లాటు వద్దు.

పింఛనే లేని దుకాణదారు, రైతు: ఆదాయం మొత్తం ఈ డబ్బు నుంచే రావాలి కాబట్టి ముప్పావు వంతు పొదుపు పథకం, నెలసరి పథకాల్లోనే ఉండాలి. ప్రతి ఖాతాకూ నామినీ, ప్రతి ఖాతా పుస్తకం ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికి తెలిసి ఉండాలి. బిడ్డ పెళ్లికనో కొడుకు వ్యాపారానికనో అడిగితే ఎంత ఇవ్వగలరో ఖాతాలు తెరిచే ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోండి, ఆ మొత్తాన్ని ఎఫ్‌డీలో వేరుగా పెట్టండి. తర్వాత అడిగితే పొదుపు పథకం ఖాతాను కోతతో మూయాల్సివస్తుంది.